వీఎంఏ అవార్డులు, లాటిన్ పాప్: తరచుగా అడిగే ప్రశ్నలు

"అర్థం కాని పాటలు పొద్దున్నే ఎందుకురా పెడతావు" అని మా ఇంట్లో అడిగే ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. మిగతావాళ్ళు అడిగేవాటికి మాత్రం ఉన్నాయి. ఒకే విషయం పదిమందికి పదిసార్లు చెప్పే ఓపిక తగ్గిపోయి అన్నీ ఒక్కచోట రాసేస్తున్నాను.

వీఎంఏ అంటే ఏంటి? గ్రామీ లాంటిదేనా?

కాదు. వీఎంఏ అంటే ఎంటీవీ వాళ్ళిచ్చే వీడియో మ్యూజిక్ అవార్డ్స్. 1981 ఆగస్టు 1న అమెరికాలో ఎంటీవీ ఛానల్ మొదలైంది, మూడేళ్ళ తర్వాత 1984 సెప్టెంబర్‌లో న్యూయార్క్ రేడియో సిటీ మ్యూజిక్ హాల్‌లో మొదటి షో జరిగింది. గ్రామీలో సంగీతం వాళ్ళే ఓట్లేసి పాటలకీ ఆల్బమ్‌లకీ ఇచ్చుకుంటారు, ఇక్కడ వీడియోకి ఇస్తారు. చేతికిచ్చేది చంద్రుడి మీద దిగిన వ్యోమగామి బొమ్మ, దాన్ని చాలాకాలం మూన్‌మ్యాన్ అన్నారు, 2017 నుంచి మూన్ పర్సన్ అంటున్నారు.

ఒక్క విషయం ముందే చెప్పేస్తాను, మిగతా జవాబులన్నీ దీని చుట్టూనే తిరుగుతాయి కాబట్టి. ఆ మొదటి ఏడాది 'వీడియో ఆఫ్ ది ఇయర్' గెలిచింది ది కార్స్ అనే బ్యాండ్. ఎంతమందికి గుర్తుంది? ఆ రాత్రి మడోన్నా పెళ్ళిగౌనులో వచ్చి స్టేజి మీద దొర్లుతూ పాడటం మాత్రం నలభై ఏళ్ళు దాటినా చెప్పుకుంటూనే ఉన్నారు. ఈ షోలో బొమ్మ ఎవరింటికెళ్ళిందో వికీపీడియా చూసుకుంటుంది, స్టేజి మీద ఎవరు ఏ భాషలో పాడారన్నది మనం చూడాలి.

లాటిన్ పాప్ వాళ్ళు ఈ షోలోకి ఎప్పుడొచ్చారు?

లాటిన్ పాప్ అంటే ముఖ్యంగా స్పానిష్ మాట్లాడే దేశాల నేపథ్యం ఉన్నవాళ్ళ పాప్ పాటలు. అందరూ చెప్పే సంవత్సరం 1999, ఆ పేరు రిక్కీ మార్టిన్. ప్యూర్టో రికో (కరేబియన్ సముద్రంలో స్పానిష్ మాట్లాడే దీవి) అబ్బాయి, చిన్నప్పుడు 'మెనూడో' అనే పిల్లల బ్యాండ్‌లో పాడాడు. అంతకుముందు ఏడాది ఫుట్‌బాల్ వరల్డ్ కప్ పాట అతనిదే, 1999 ఫిబ్రవరిలో గ్రామీ స్టేజి మీద ఆ పాటే పాడితే హాలు మొత్తం లేచి నిలబడింది. అక్కడినుంచి సెప్టెంబర్‌లో వీఎంఏకి వచ్చేసరికి 'లివిన్ లా వీడా లోకా' మోగని చోటు లేదు. ఆ రాత్రి బెస్ట్ పాప్, బెస్ట్ డ్యాన్స్ వీడియో రెండూ అతనికే వచ్చాయి.

మరుసటి ఏడాది ప్యూర్టో రికో మూలాలున్న జెన్నిఫర్ లోపెజ్‌కి బెస్ట్ డ్యాన్స్ వీడియో వచ్చింది. అప్పట్లో అమెరికా పత్రికలన్నీ 'లాటిన్ ఎక్స్‌ప్లోజన్' అని రాసేశాయి. ఎక్స్‌ప్లోజన్ ఏంటో నాకర్థం కాదు, వాళ్ళు ముప్పై నలభై ఏళ్ళుగా పాడుతూనే ఉన్నారు, వీళ్ళకి చెవులు అప్పుడు తెరుచుకున్నాయంతే.

మన దగ్గర ఆ రోజుల్లో మా వీధి కేబులాయన ఎంటీవీ ఇచ్చేవాడు, మధ్యలో హఠాత్తుగా తీసేసి భక్తి ఛానల్ పెట్టేవాడు, అడిగితే "పెద్దవాళ్ళు కంప్లైంట్ ఇచ్చారమ్మా" అనేవాడు. అలా సగంలో ఆగిపోయిన రిక్కీ మార్టిన్ పాటలు ఎన్నో.

కానీ 'లివిన్ లా వీడా లోకా' ఇంగ్లీషు పాటే కదా?

సరిగ్గా పట్టుకున్నారు. పేరులో మూడు స్పానిష్ మాటలుంటాయి, పాటంతా ఇంగ్లీషే. 1999, 2000 సంవత్సరాల్లో లోపలికి రావాలంటే టికెట్ అదే. షకీరా కూడా కొలంబియాలో స్పానిష్‌లో పెద్ద స్టార్ అయ్యాకే, 2001లో ఇంగ్లీషు ఆల్బమ్‌తో అమెరికా వెళ్ళింది.

స్పానిష్ పాట స్పానిష్‌లోనే ఈ స్టేజి ఎక్కడానికి 2005 దాకా పట్టింది. ఆ ఏడాది షో మయామీలో జరిగింది, అక్కడ వీధిలో ఇంగ్లీషు కంటే స్పానిషే ఎక్కువ వినపడుతుంది కాబట్టి చోటు కూడా కలిసొచ్చింది. షకీరా, స్పెయిన్ గాయకుడు అలెహాంద్రో సాంస్ కలిసి 'లా తోర్తూరా' పాడారు. అదే రాత్రి ప్యూర్టో రికో గాయకులు డాడీ యాంకీ, డాన్ ఓమర్, తేగో కాల్దెరోన్ వచ్చి రెగెటోన్ దంచేశారు. నన్నడిగితే అసలు తలుపు తీసిన రాత్రి 1999లోది కాదు, ఇదే. అయినా 1999 గురించి వంద వ్యాసాలుంటే దీని గురించి రెండు మూడు కూడా కనపడవు.

రెగెటోన్ అంటే ఏంటి? అన్ని పాటలకీ ఒకే బీటులా ఉంటుందేంటి?

ఒకే బీటే, మీ చెవి తప్పు కాదు. దాని పేరు డెంబో. జమైకా గాయకుడు షబ్బా ర్యాంక్స్ 1990లో పాడిన పాట పేరే బీటుకి స్థిరపడిపోయింది. జమైకాలో డ్యాన్స్‌హాల్ అనే సంగీతాన్ని పనామాలో స్పానిష్‌లో పాడటం మొదలుపెట్టారు, అది ప్యూర్టో రికో చేరి అక్కడి పేటల్లో ర్యాప్‌తో కలిసి ముదిరింది, అదే రెగెటోన్. 1990ల మధ్యలో ప్యూర్టో రికో పోలీసులు మ్యూజిక్ షాపుల మీద పడి బూతులున్నాయని ఈ క్యాసెట్లు పట్టుకెళ్ళారు కూడా.

బీటు ఎలా పట్టుకోవాలో చెప్తాను, మనవాళ్ళకి ఇది చాలా తేలిక. నోటితో "తకిట తకిట తక" అనండి. మూడు, మూడు, రెండు, మొత్తం ఎనిమిది అక్షరాలు. ఆ మాటల్లో మొదటి 'త' వచ్చిన మూడు చోట్లా తొడ మీద చరవండి. ఇప్పుడు కాలితో నాలుగేసి అక్షరాలకి ఒక్క అడుగు వేయండి, అంటే ఒకటో అక్షరం దగ్గర, ఐదో అక్షరం దగ్గర. కాలు సమంగా నడుస్తుంటుంది, చెయ్యి దాన్ని కొంచెం కొంచెం తప్పించి పడుతుంటుంది. నడుము దానంతటదే కదిలితే మీకు డెంబో వచ్చేసినట్టే. ఇప్పుడు డాడీ యాంకీ పాట 'గసోలీనా' పెట్టి దానిమీద ఇదే అనుకోండి, పాట అయ్యేదాకా తప్పదు. మృదంగం నేర్చుకున్న నా స్నేహితుడొకడు ఇది విని, "ఇంతేనా, దీనికింత గొడవా" అన్నాడు. వారం తిరక్కుండా వాడి కారులో అదే పాట.

'దెస్పసీతో' గొడవేంటి? దానికి అవార్డు రాలేదా?

అవార్డు సంగతి తర్వాత, 2017లో వీఎంఏ వీడియో విభాగాల్లో ఆ పాటకి నామినేషనే రాలేదు.

కాస్త వివరంగా చెప్పాలి ఇది. 2017 జనవరిలో లూయిస్ ఫోన్సీ, డాడీ యాంకీ పాట వచ్చింది. వీడియో తీసింది ప్యూర్టో రికో రాజధాని సాన్ హువాన్‌లోని లా పెర్లా అనే పేటలో, ఒకవైపు కోటగోడ, ఇంకోవైపు సముద్రం, మధ్యలో రంగురంగుల ఇళ్ళు. వీడియోలో నడిచొచ్చే అమ్మాయి 2006 మిస్ యూనివర్స్ సులైకా రివేరా. తర్వాత జస్టిన్ బీబర్ రీమిక్స్ కలిసింది. అమెరికా పాటల ర్యాంకుల జాబితా బిల్‌బోర్డ్ హాట్ 100లో 16 వారాలు మొదటి స్థానంలో కూర్చుంది, అప్పటికి అది పాత రికార్డుతో సమానం. అంతకుముందు ఎక్కువభాగం స్పానిష్‌లో ఉన్న పాట ఆ స్థానానికి చేరింది 1996లో, 'మకరేనా'. 2017 ఆగస్టు మొదట్లో యూట్యూబ్‌లో ప్రపంచంలోనే ఎక్కువమంది చూసిన వీడియో అయింది. మన కాలేజీ ఫెస్టుల్లో కూడా సగం మాటలు మింగేసి, "దెస్...పసీతో" దగ్గర మాత్రం అందరూ గొంతెత్తి పాడేవాళ్ళు, గుర్తుందా?

అదే ఆగస్టులో వీఎంఏ. వీడియోలకే ఇచ్చే అవార్డు, ప్రపంచంలో ఎక్కువమంది చూసిన వీడియో, కానీ జాబితాలో పేరు లేదు! ఎంటీవీ వాళ్ళని అడిగితే, ఆ వీడియోని మాకు పంపలేదు అన్నారు. పాట విడుదల చేసిన కంపెనీ వైపు వాదన ఏంటంటే, మీరు మెయిన్ ఛానల్లో మా వీడియో వెయ్యనే లేదు, అమెరికాలోని లాటినోల (లాటిన్ అమెరికా మూలాలవాళ్ళ) కోసం పెట్టిన ఛానల్లోనూ లాటిన్ అమెరికా ఛానల్లోనూ మాత్రమే వేశారు, పంపమని అడగనూ లేదు అని. ఎవరిది తప్పో తేల్చడం మన పని కాదు గానీ, నాకు ఇందులో కొట్టొచ్చినట్టు కనపడేది ఆ వేరే ఛానళ్ళ సంగతి. పాట దేశమంతా వింటోంది, టీవీలో మాత్రం దాన్ని పక్కగదిలో కూర్చోబెట్టారు.

చివర్లో జనం ఓట్లతో ఇచ్చే 'సాంగ్ ఆఫ్ సమ్మర్' పోటీలోకి రీమిక్స్‌ని తీసుకున్నారు. అదీ లిల్ ఉజీ వర్ట్ ఎగరేసుకుపోయాడు.

తర్వాత ఏడాది 'బెస్ట్ లాటిన్' పెట్టారుగా, సరిపోయిందిగా?

ఈ పేరుతో 2018లో పెట్టారు. జె బాల్విన్, విల్లీ విలియం 'మి హెంతే'కి వచ్చింది. ఆ తర్వాత 2019లో రొసాలీయా, జె బాల్విన్, 2020లో మలూమా, 2021లో బిల్లీ ఐలిష్‌తో కలిసి మళ్ళీ రొసాలీయా, 2022 నుంచి 2024 దాకా వరసగా మూడేళ్ళు బ్రెజిల్ అమ్మాయి అనీత్తా, 2025లో షకీరా.

సరిపోయిందా అంటే నాకు రెండు మనసులు. మన జాతీయ సినిమా అవార్డులతో పోల్చి చూడండి. 'ఉత్తమ తెలుగు చిత్రం' చాలా ఏళ్ళు ఎవరికో ఒకరికి వస్తుంది, మనకి సంతోషమే. కానీ ఉత్తమ నటుడు అనే పెద్ద పీట మీద తెలుగు హీరో కూర్చున్నది 2023లో ప్రకటించిన అవార్డుల్లోనే, 'పుష్ప'కి అల్లు అర్జున్. అన్ని దశాబ్దాలు మనకి నటులు లేకనా? వేరే కుర్చీ వేస్తే నిలబడాల్సిన బాధ తప్పుతుంది, నిజమే, కానీ పెద్ద పంక్తిలోకి పిలవకపోవడానికి అదే సాకు కూడా అవుతుంది. ఇప్పటిదాకా, అంటే 2025 షో వరకు చూస్తే, స్పానిష్ పాట ఒక్కటి కూడా 'వీడియో ఆఫ్ ది ఇయర్' గెలవలేదు.

అలాగని ఆ విభాగం తీసేయమనను. అది లేని 2017లో ఏం జరిగిందో చూశాంగా.

రొసాలీయా స్పెయిన్ అమ్మాయి కదా, లాటిన్ ఎలా అవుతుంది? బ్రెజిల్ వాళ్ళు పోర్చుగీసు కదా?

ఈ ప్రశ్నకి తన్నుకోని ఫ్యాన్ గ్రూపు లేదు. రొసాలీయాది స్పెయిన్‌లో బార్సిలోనా పక్క ఊరు. 2019లో ఆమెకి బెస్ట్ లాటిన్ ఇచ్చినప్పుడు చాలామంది లాటిన్ అమెరికా వాళ్ళకి మండింది. మమ్మల్ని ఏలిన దేశం మనిషి మా కోటాలో బహుమతి పట్టుకెళ్తోంది అన్నది వాళ్ళ బాధ, అందులో న్యాయం ఉంది. అవతలివాళ్ళు అనేది పాట భాషా, బీటూ చూడండి, పాస్‌పోర్టు కాదు అని.

అనీత్తా విషయంలో తిరగేసిన కథ. బ్రెజిల్ లాటిన్ అమెరికాలోదే, కానీ మాట్లాడేది పోర్చుగీసు. 2022లో ఆమె గెలిచిన 'ఎన్వోల్వేర్' స్పానిష్ పాట. అంటే బ్రెజిల్ పిల్ల కూడా గెలవడానికి పక్కింటి భాష నేర్చుకోవాల్సి వచ్చింది. నాకైతే టీవీ వాళ్ళు వాడే 'లాటిన్' అన్న మాట మన ఉత్తరాది వాళ్ళు ఒకప్పుడు వాడిన 'మద్రాసీ' అన్న మాటలాగే వినపడుతుంది. ఇరవై దేశాల్ని ఒక్క మాటలో చుట్టేయడం.

పెద్ద అవార్డులు ఎవరికైనా వచ్చాయా మరి?

వచ్చాయి. 2018లో 'హవానా'కి కమీలా కబేయో 'వీడియో ఆఫ్ ది ఇయర్' గెలిచింది, ఆ అవార్డు అందుకున్న మొదటి లాటినా ఆమే. క్యూబాలో పుట్టి చిన్నప్పుడే అమెరికా వచ్చిన పిల్ల, పాట ఇంగ్లీషు. బహుమతి ఇవ్వడానికి మడోన్నా వచ్చింది గానీ, అప్పుడే చనిపోయిన అరీతా ఫ్రాంక్లిన్‌కి నివాళి అంటూ ఎక్కువసేపు తన గురించే చెప్పుకుని, ఆ తర్వాత ఇచ్చింది. అదే రాత్రి జీవితకాల గౌరవం లాంటి వీడియో వ్యాన్‌గార్డ్ అవార్డు జెన్నిఫర్ లోపెజ్‌కి దక్కింది.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది 2022. బ్యాడ్ బన్నీ, అసలు పేరు బెనీతో, ప్యూర్టో రికో. స్పానిష్ తప్ప వేరే భాషలో పాడనంటాడు. ఆ ఆదివారం అవార్డుల షో న్యూజెర్సీలో న్యూఆర్క్ ప్రుడెన్షియల్ సెంటర్‌లో జరుగుతోంది, అతనికి మాత్రం అదే రాత్రి న్యూయార్క్ యాంకీ స్టేడియంలో సొంత కచేరీ ఉంది. అవార్డు కోసం కచేరీ మానుకోలేదు, బొమ్మే అక్కడికి వెళ్ళింది. 'ఆర్టిస్ట్ ఆఫ్ ది ఇయర్', ఇంగ్లీషేతర భాషలో పాడేవాళ్ళలో మొదటిసారి. స్టేడియం నిండా జనం ముందు తీసుకుని, మళ్ళీ పాటలోకి వెళ్ళిపోయాడు. షోకి మనిషి రావడం కాదు, మనిషి దగ్గరికి షో వెళ్ళడం! 1999లో ఇంగ్లీషు నేర్చుకుని రావాల్సొచ్చిన వాళ్ళు దీన్ని చూసి ఏమనుకుని ఉంటారో.

2023లో షకీరాకి వ్యాన్‌గార్డ్ ఇచ్చారు, దక్షిణ అమెరికా నుంచి ఆమే మొదలు. పది నిమిషాల దాకా పాత కొత్త పాటలన్నీ కలిపి ఆడేసింది, కింద టేలర్ స్విఫ్ట్ లేచి గంతులేయడం కెమెరాలు వదల్లేదు.

2025లో రిక్కీ మార్టిన్‌కి 'లాటిన్ ఐకాన్' అని కొత్తగా ఒకటి పెట్టి ఇచ్చారు. సంతోషమే. కానీ పేరు చూడండి, మళ్ళీ వేరే కుర్చీయే.

ఓట్లు ఎవరేస్తారు? మనం వెయ్యొచ్చా?

ముఖ్యమైన విభాగాలకి జనం ఆన్‌లైన్లో ఓట్లేస్తారు. దర్శకత్వం, ఎడిటింగ్, కెమెరా లాంటివి ఆ రంగం వాళ్ళు తేలుస్తారు. జనం ఓట్లంటే ఫ్యాన్స్ సైన్యం ఎవరికి పెద్దదుంటే వాళ్ళదే, ఇందులో కళ ఎంత అని అడక్కండి. మన హీరోల ట్రెండింగ్ యుద్ధాలు చూసినవాళ్ళకి వివరించక్కర్లేదు.

లాటిన్ గ్రామీ అంటే ఇదేనా?

కాదు, పూర్తిగా వేరే సంస్థ. 2000 సెప్టెంబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైంది, ప్రధానంగా స్పానిష్, పోర్చుగీసు పాటలకి ఇస్తారు. 2005 నుంచి అమెరికాలో యూనివిజన్ అనే స్పానిష్ ఛానల్లో వస్తుంది. పాటలు బాగా వినాలనుకునేవాళ్ళకి వీఎంఏ కంటే అదే మంచిది, ఆర్భాటం తక్కువ.

నాలుక బొమ్మ అవార్డు అని ఒకటి విన్నాను, నిజమేనా?

నిజమే! ఎంటీవీ వాళ్ళే లాటిన్ అమెరికా కోసం 2002 నుంచి 2009 దాకా విడిగా అవార్డులు నడిపారు. ట్రోఫీ పేరు 'లెంగ్వా', చాచిన నాలుక. స్పానిష్‌లో ఆ మాటకి నాలుక అనీ భాష అనీ రెండర్థాలు. మొదటి ఏడాది షకీరా ఐదు నాలుకలు పట్టుకెళ్ళింది. 2005లో విల్మా తుఫాను మెక్సికో తీరం మీద పడటంతో ఆ ఏడాది షో జరగనే లేదు. ఆ బొమ్మ ఆపేయడం నాకు ఇప్పటికీ బాధే, మూన్ పర్సన్ కంటే వెయ్యిరెట్లు తెలివైన బొమ్మ అది.

మనకి ఎన్ని గంటలకొస్తుంది?

అమెరికా తూర్పు తీరంలో రాత్రి 8 అంటే మనకి మర్నాడు తెల్లవారి 5:30. ఆదివారం షో అయితే సోమవారం పొద్దున. 2023లో మంగళవారం, 2024లో బుధవారం పెట్టారు కాబట్టి ఆదివారమే అనుకుని అలారం పెట్టుకోకండి, నేను పెట్టుకుని ఒక పొద్దుటి నిద్ర పాడుచేసుకున్నాను. న్యూజెర్సీ ఎడిసన్ వైపు ఉండే మనవాళ్ళయితే 2019, 2022, 2023 షోలకి రైలెక్కి న్యూఆర్క్ పెన్ స్టేషన్‌లో దిగితే చాలు, హాలు నడిచేంత దూరమే. అక్కడే ఉండి ఎవరూ వెళ్ళలేదని నా కజిన్స్ చెప్పినప్పుడు తల కొట్టుకున్నాను.

స్పానిష్ రాదు, ఏం చూడమంటావు?

'నాటు నాటు'కి ఊగిన అమెరికా వాడికి తెలుగు వచ్చా? ముందు 1999 రిక్కీ మార్టిన్ చూడండి, వెంటనే 2005 'లా తోర్తూరా', ఆ తర్వాత 2022 యాంకీ స్టేడియం. మూడూ కలిపి పావుగంట కూడా పట్టదు. చూసేటప్పుడు మాటల సంగతి వదిలేసి చెయ్యి తొడ మీద పెట్టుకోండి, మూడోదానికొచ్చేసరికి తకిట తకిట తక ఎక్కడ మొదలైందో మీకే తెలుస్తుంది.